మజిల్ కారు ప్లాస్టిక్ మోడల్: నెల్లూరు, ఒంగోలు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

కిట్ డబ్బాలో వచ్చే కాగితం ఏ ముక్క ఎక్కడ అతకాలో చెబుతుంది. నవంబరు ముసురులో లక్కర్ (త్వరగా ఆరే పెయింట్) ఎందుకు తెల్లబడుతుందో, మే నెలలో స్ప్రే ఎందుకు ఇసకలా రాలుతుందో మాత్రం చెప్పదు. మన దగ్గర పాడయ్యే మోడళ్లలో ఎక్కువ భాగం ఉక్కపోతకీ తొందరకీ బలయ్యేవే. అందుకే రంగు గురించిన జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, దేనికదే చదువుకోవచ్చు.

## కొనే ముందు

మజిల్ కారు అంటే ఏది? వేగంగా పోయే ప్రతి కారూ మజిల్ కారేనా?

కాదు. అమెరికాలో మధ్యరకం సైజు, రెండు తలుపుల బాడీలో పెద్ద వీ8 ఇంజన్ కూర్చోబెట్టి, మామూలు ఉద్యోగి కొనగలిగే ధరకు అమ్మినవి మజిల్ కార్లు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఈ వరస మొదలైందని ఎక్కువమంది లెక్క. దాని ఇంజన్ 389 క్యూబిక్ అంగుళాలు, అంటే 6.4 లీటర్లు. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454లో ఎల్ఎస్6 ఇంజన్‌కు 450 హార్స్‌పవర్ రాశారు. మస్టాంగ్, కమారోలను పట్టింపు ఉన్నవాళ్లు పోనీ కార్లు అంటారు, కిట్ల అరలో మాత్రం అన్నీ ఒకచోటే ఉంటాయి. మోడల్ కట్టేవాళ్లకు ముఖ్యమైంది ఏడాది. 1968, 1969, 1970 డాడ్జ్ చార్జర్లు మూడూ ఒకే బాడీ, కానీ ముందు గ్రిల్, వెనక లైట్లు వేరు. ఏడాది చూసుకోకుండా ఫొటో పెట్టుకుని రంగు వేస్తే తప్పు దొరికిపోతుంది.

1/24 కొనాలా, 1/25 కొనాలా?

మోడల్ అసలు కారులో ఎన్నో వంతో చెప్పే అంకెలివి. ఏదైనా ఒకటే, రెండూ కలపకపోతే చాలు. తేడా 4 శాతమే. 5.28 మీటర్ల 1969 చార్జర్ 1/25లో సుమారు 21 సెంటీమీటర్లు, 1/24లో 22 వస్తుంది. ఏఎంటీ, ఎంపీసీ కిట్లు ఎక్కువగా 1/25. రెవెల్ డబ్బాల్లో రెండూ ఉంటాయి, పాత మోనోగ్రామ్ అచ్చుల నుంచి వచ్చినవి 1/24. తమియా లాంటి జపాన్ కంపెనీలవి 1/24. చక్రాలు, ఇంజన్లు ఒక కిట్ నుంచి ఇంకోదానికి మార్చే ఆలోచన ఉంటే 1/25 మంచిది. మజిల్ కార్లకు విడిభాగాలు అందులోనే ఎక్కువ.

మొదటిసారి కడుతున్నా. ఏ కిట్ తీసుకోను?

డబ్బా మీద బొమ్మ చూసి కాదు, అచ్చు వయసు చూసి తీసుకోండి. 1960లు, 70ల నాటి అచ్చులనే కొత్త డబ్బాలో పెట్టి మళ్లీ అమ్ముతుంటారు. వాటిలో అంచుల వెంట పల్చటి ప్లాస్టిక్ పొర ఎక్కువ, ముక్కలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు. వాటికీ ఒక అందం ఉంది, కానీ చేయి తిరిగినవాళ్లకు. డబ్బా పక్కన ఉండే స్కిల్ లెవెల్ అంకె చూసి, ఇంజన్ ఉన్న కిట్లలో తక్కువ ముక్కలున్నది ఎంచుకోండి. జిగురు అక్కర్లేని స్నాప్ కిట్‌తో మొదలుపెట్టడం నామోషీ ఏమీ కాదు, రంగు పని నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు.

సామాన్లు ఇక్కడ యాడ దొరుకుతాయి? అన్నీ ఆన్‌లైన్‌లోనే తెప్పించాలా?

కిట్, పల్చటి సిమెంట్ (ప్లాస్టిక్ మోడళ్లు అతికే జిగురు), డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికే బొమ్మలు) ద్రావకాలు తెప్పించుకోవాల్సిందే. మిగతా వాటిలో చాలా మన ఊళ్లోనే ఉన్నాయి, హాబీ షాపు పేరుతో ఉండవంతే.

కంసాలి పనిముట్లు అమ్మే కొట్లో 0.4, 0.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు, వాటిని పట్టుకునే చేతి పిడి, సన్న మొన పట్టకార్లు, చిన్న ఆకురాళ్లు దొరుకుతాయి. ఆటోనగర్ పెయింట్ షాపులో 400 నుంచి 2000 దాకా వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండ్ ఉంటాయి. మోటార్ రివైండింగ్ షాపులు మన వైపు వీధికొకటి, పంపుసెట్లూ రొయ్యల చెరువుల ఏరేటర్లూ కాలిపోతూనే ఉంటాయి కాబట్టి. ఇంజన్‌కు వైరింగ్ చేసే సన్న రాగి తీగ అక్కడ మూర చొప్పున అడిగినా ఇస్తారు. చీమకుర్తి గ్రానైట్ కోసే యూనిట్లలో పాలిష్ పట్టిన చెత్త ముక్క ఒకటి, అడుగు పొడుగున్నది, తెచ్చుకోండి. బల్ల ఎంత మంచిదైనా కొద్దిగా వంపు ఉంటుంది, ఆ రాయికి ఉండదు. చాసిస్ వంకర ఉందో లేదో చూడ్డానికీ, వాటర్ పేపర్ పరిచి ముక్కల అడుగు సమంగా రుద్దడానికీ దాన్ని మించింది లేదు.

స్ప్రే డబ్బాలు విమానంలో పంపకూడని సరుకు. రోడ్డు మీదే రావాలి కాబట్టి కిట్‌తో పాటు కాకుండా ముందే ఆర్డర్ పెట్టుకోండి.

## డబ్బా విప్పాక

ముక్కలు కడగాలంటారు. నిజంగా అవసరమా?

అవసరమే. అచ్చు నుంచి ముక్క ఊడిరావడానికి పూసిన నూనె దాని మీద మిగిలి ఉంటుంది. దాని మీద రంగు పట్టదు, టేపు పీకినప్పుడు పొరలా లేచి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల నుంచి వాటిని కోయకుండా, పాత టూత్‌బ్రష్‌తో ఫ్రేములు ఫ్రేములుగానే తోమి ఆరబెట్టండి. కాలువ దగ్గర జల్లెడ పెట్టుకోండి, సైడు అద్దం లాంటి ముక్క ఒకటి ఊడిపోతే మళ్లీ దొరకదు. క్రోమ్ ముక్కల ఫ్రేమును బ్రష్‌తో తోమకండి.

ఫ్రేము నుంచి ముక్క కోసేటప్పుడు తెల్లమచ్చ పడుతోంది, ఒక్కోసారి గుంట పడుతోంది. ఎలా కోయాలి?

రెండు కోతల్లో కోయండి. మొదటి కోత ముక్కకు 2 మిల్లీమీటర్ల దూరంలో, రెండోది దగ్గరగా. కట్టర్ చదునైన వైపు ముక్క వైపు ఉండాలి. చివర మిగిలిన మొటిమను 600 పేపర్‌తో రుద్దండి. చేత్తో తిప్పి విరిస్తే ముక్కలోంచి కండ ఊడి వస్తుంది, గుంట అదే.

బాడీ కొద్దిగా మెలితిరిగి వచ్చింది. పనికొస్తుందా?

వస్తుంది. గ్రానైట్ ముక్క మీద పెట్టి ఏ మూల లేస్తోందో గుర్తు పెట్టుకోండి. 60, 65 డిగ్రీల వేడినీళ్లలో అర నిమిషం ముంచి, తీసి, వంపుకు ఎదురు దిక్కున కొంచెం ఎక్కువగానే తిప్పి పట్టుకుని, అలాగే చన్నీళ్లలో పెట్టండి. ఒకసారికి రాకపోతే మళ్లీ చేయండి. కాగే నీళ్లు వాడొద్దు, ముందు అద్దం పక్క స్తంభాలు సేమియాలా వంగిపోతాయి.

ఫెవిక్విక్ ఉండగా వేరే జిగురు ఎందుకు?

ఫెవిక్విక్ రెండు ముక్కల మధ్య పొరలా నిలబడుతుంది. మోడల్ సిమెంట్ ప్లాస్టిక్‌నే కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. సిమెంట్ అతుకు రుద్దితే కనిపించదు, ఫెవిక్విక్ అతుకు ప్లాస్టిక్ కన్నా గట్టిగా ఉండి గట్టులా తేలుతుంది. పల్చటి సిమెంట్ వాడేటప్పుడు ముక్కలు ముందే కలిపి పట్టుకుని, సందు దగ్గర కుంచె తాకించండి, అదే లోపలికి పాకుతుంది. వేలు ఆ సందు మీద ఉంటే జిగురు వేలి కిందికి పాకి మీ వేలిముద్ర ప్లాస్టిక్ మీద అచ్చుపడుతుంది. ఇంజన్ రెండు సగాలు, చాసిస్, సీట్లకు సిమెంట్. ప్లాస్టిక్‌కు లోహం అతకాలంటే ఫెవిక్విక్. బరువు మోసే చోట ఎరాల్డైట్. అద్దాలకు తెల్ల ఫెవికాల్. క్రోమ్ మీద, రంగు మీద సిమెంట్ పట్టదు, అతికే చోట గీకి ప్లాస్టిక్ బయట పెట్టాలి.

## బాడీ సిద్ధం చేయడం

ఫెండర్ల మీద సన్న గీత కనిపిస్తోంది. రంగు వేస్తే పోతుందా?

పోదు, ఇంకా బాగా కనిపిస్తుంది. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట పడే గీత అది. ఫెండర్ల పైన, బంపర్ మూలల్లో, పైకప్పు పక్కన ఉంటుంది. కత్తి వెన్నుతో మెల్లగా గీకి, 600, తర్వాత 1000 వాటర్ పేపర్ తడిపి కొట్టండి. అసలు కారుకు ఉన్న గీతకూ అచ్చు గీతకూ తేడా ఫొటో చూసి తేల్చుకోండి. మజిల్ కార్ల పక్కన నిజమైన మడతలు ఉంటాయి, వాటిని చదును చేస్తే కారు ముఖమే మారిపోతుంది.

గుంటలుంటే పుట్టీ. ఆటోనగర్‌లో దొరికే ఎన్‌సీ పుట్టీ పనికొస్తుంది, కానీ పల్చటి పొరలుగా, పొరకూ పొరకూ మధ్య ఒక రాత్రి ఆగి వేయండి. ఒకేసారి దట్టంగా పెడితే అందులోని థిన్నర్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, పైన ఎండినట్టే ఉండి వారం తర్వాత కిందికి కుంగుతుంది. తలుపు, డిక్కీ గీతలను రంగు వేసే ముందే కత్తి వెన్నుతో మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగి లోతు చేయండి. ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, క్లియర్ (పైన వేసే పారదర్శక పూత) కలిసి సగం గీతను పూడ్చేస్తాయి.

బాడీ చాసిస్ మీద కూర్చోవడం లేదు. ఒత్తితే పగిలేలా ఉంది. ఏం చేయాలి?

రంగు వేశాక ఈ ప్రశ్న వచ్చిందంటే కష్టమే. రంగు వేయకముందే చాసిస్, లోపలి సీట్ల తొట్టి, ఇంజన్ గోడ, రేడియేటర్ పట్టీ, అద్దాల ముక్క అన్నీ టేపుతో బిగించి ఒకసారి బాడీలో పెట్టి చూడాలి.

తట్టేది సాధారణంగా మూడు చోట్ల. సీట్ల తొట్టి పక్కగోడల పైఅంచు వెనక అద్దం ప్లాస్టిక్‌కు తగులుతుంది, ఆ అంచును అర మిల్లీమీటరు రుద్దితే కారు అమాంతం కిందికి దిగుతుంది. ఇంజన్ గోడ బాడీ లోపలి మెడకు తగులుతుంది. ఎగ్జాస్ట్ గొట్టాలు వెనక ఇరుసు పైకి లేచి చాసిస్‌ను ఎత్తేస్తాయి. ఎక్కడ తగులుతోందో కనపడకపోతే బాడీ లోపలి అంచులకు లిప్‌స్టిక్ కొద్దిగా రాసి, కూర్చోబెట్టి తీయండి. మరక ఎక్కడ అంటితే అక్కడ రుద్దాలి. రంగు మందం కూడా కలుస్తుంది కాబట్టి వట్టి ప్లాస్టిక్‌లో వదులుగా ఉంటేనే రంగు తర్వాత సరిగ్గా ఉంటుంది.

ఎర్ర ప్లాస్టిక్ బాడీ మీద తెలుపు వేస్తే గులాబీ రంగులోకి తిరిగింది. ఎందుకని?

ప్లాస్టిక్‌లోని ఎర్ర రంగు మీ పెయింట్ థిన్నర్‌లో కరిగి పైకి ఊరింది. ఎన్ని కోట్లు వేసినా ఊరుతూనే ఉంటుంది. ప్రైమర్ ఒక్కటే చాలదు. ప్రైమర్ మీద వెండి రంగు ఒక కోటు పూర్తిగా కప్పేలా వేసి, ఆరాక తెల్ల ప్రైమర్ వేసి, అప్పుడు అసలు రంగు వేయండి.

## రంగు

నెల్లూరు వాతావరణంలో ఏ నెలలో, ఏ టైములో స్ప్రే చేయాలి?

డిసెంబరు చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా మనకు మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. అప్పుడు లోపలి భాగాలు, ఇంజన్ కుంచె పనులు పెట్టుకోండి, బాడీ జోలికి పోవద్దు. ఆ నెలల్లో తప్పదనుకుంటే ఎండ కాసిన రోజు పదకొండు, ఒంటిగంట మధ్య. తెల్లవారుజామున గాలి చల్లగా ఉంటుంది కదా అని మొదలుపెడతారు, కానీ రోజంతటిలో గాలిలో తేమ ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఏప్రిల్, మేలో ఉదయం ఎనిమిది నుంచి పది లోపు ముగించండి. పది దాటితే వేడికి పెయింట్ గాల్లోనే ఆరి పొడిలా పడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక తేమ మళ్లీ పెరుగుతుంది. రోహిణి కార్తెలో బాడీకి నిగనిగలాడే రంగు వేయకపోవడమే మేలు.

గోడకు తగిలించే తేమ మీటరు ఒకటి కొనండి, కంప్రెసర్ కంటే అదే ముందు. 65 శాతం దాటితే లక్కర్ ఆపండి. ఫ్యాను ఆపి, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి, పది నిమిషాలు ఆగి మొదలుపెట్టాలి. వేసిన వెంటనే బాడీ మీద ప్లాస్టిక్ టబ్బు బోర్లించి, గాలి ఆడేలా ఒక పక్క అగ్గిపెట్టె పెట్టండి. వానాకాలం సాయంత్రం లైటు వేసి రంగు పని పెట్టుకుంటే ఉసిళ్లు వచ్చి తడి బానెట్ మీదే దిగుతాయి. వాటి రెక్క అంటితే ఇక పేపర్ కొట్టడమే గతి. వంటగదికీ దేవుడి దీపానికీ దూరంగా, తలుపులు తీసి పని చేయండి. స్ప్రే పొగ అంటుకునేది.

నల్ల రంగు వేస్తే పాలు ఒలికినట్టు తెల్లగా అయింది. మొత్తం పోయినట్టేనా?

పోలేదు. థిన్నర్ వేగంగా ఆవిరై బాడీని చల్లబరిచినప్పుడు గాలిలోని తేమ తడి పెయింట్ మీద దిగింది, అంతే. పొడి రోజు చూసి, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను మంచులా పల్చగా చల్లండి. పైపొర మళ్లీ కరిగి తేమ బయటికి పోతుంది, నలుపు తిరిగొస్తుంది. రెండు మూడు సార్లకు కూడా రాకపోతే 1000 పేపర్ కొట్టి మళ్లీ వేయాలి. కంప్రెసర్ వాడేవాళ్లకు ఇదే మచ్చ చుక్కలు చుక్కలుగా పడితే గొట్టంలో నీళ్లు చేరాయని అర్థం. వాటర్ ట్రాప్ బిగించండి, మధ్యమధ్యలో నీళ్లు వదలండి.

స్ప్రే డబ్బాతో వేస్తే నారింజ తొక్కలా వస్తోంది. ఎంత దూరంలో పట్టుకోవాలి, ఎన్ని కోట్లు?

20 నుంచి 25 సెంటీమీటర్లు. మీట బాడీ బయట నొక్కి, బాడీ దాటాక వదలండి. మొదటి రెండు కోట్లు పల్చగా, కింద ప్రైమర్ కనపడుతూనే ఉండాలి. పది నిమిషాలాగి మూడోది తడిగా, లైటు ప్రతిబింబం కనిపించేలా. నాలుగోది అవసరమైతేనే. నారింజ తొక్క దూరం ఎక్కువై పడుతుంది, రంగు కారడం దగ్గరై వస్తుంది. ఇసకలా గరుగ్గా ఉంటే ఎండ ఎక్కువైనట్టు. చలికాలపు ఉదయం డబ్బాను గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే ధార సన్నబడుతుంది. మే నెలలో అది అక్కర్లేదు, పొయ్యి దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఎయిర్‌బ్రష్ అయితే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం.

ఆటోనగర్‌లో కలిపిచ్చే కారు పెయింట్ వాడొచ్చా?

రంగు వాడొచ్చు, రెండు జాగ్రత్తలతో. ఆ థిన్నర్ వట్టి ప్లాస్టిక్‌ను తినేస్తుంది, మీద సాలెగూడులా పగుళ్లు వస్తాయి. కాబట్టి మోడల్ ప్రైమర్ సందు లేకుండా ఉండాలి, మొదటి కోటు పొడిపొడిగా పడాలి. 1969 నాటి అమెరికా రంగు కోడ్ కొట్టుకు తీసుకెళ్తే ప్రయోజనం తక్కువ, రంగు పూసిన ప్లాస్టిక్ చెంచా చూపించి 100 మిల్లీలీటర్లు కలిపించుకోండి.

రెండోది మెరుపు రజను. అసలు కారు కోసం చేసిన మెటాలిక్ 1/25 బాడీ మీద వేస్తే ఒక్కో రేణువు పాతికరెట్లు పెద్దదైనట్టే. చీమకుర్తి గెలాక్సీ రాయి మీద చుక్కలు ఎలా విడివిడిగా మెరుస్తాయో, మీ కారు అలా ఉంటుంది. రాయికి అది అందం, కారుకు కాదు. సాదా రంగులు తీసుకోండి, మెటాలిక్ మాత్రం మోడల్ కంపెనీలదే కొనండి.

గట్టిపరిచే ద్రవం కలిపే టూకే క్లియర్ గాజులా మెరుస్తుంది. కానీ అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. గుడ్డ మాస్కు, కరోనా నాటి మాస్కు దాన్ని ఆపవు. తగిన కార్ట్రిడ్జ్ మాస్కు, ఆరుబయలు, చేతి తొడుగులు లేకుండా ముట్టొద్దు. ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు.

రంగు వేశాక ఎన్నాళ్లు ఆగాలి? పాలిష్ ఎలా?

ముక్కు పెట్టి చూడండి. పెయింట్ వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. లక్కర్‌కు వారం, ఎనామిల్‌కు రెండు వారాలు, ముసురు ఉంటే ఇంకో వారం. చేత్తో తాకితే అంటుకోకపోవడం ఆరడం కాదు. తొందరపడి టేపు వేస్తే టేపు నేత అచ్చు పడిపోతుంది.

క్లియర్ ఆరాక 2000 వాటర్ పేపర్ సబ్బునీళ్లలో నానబెట్టి, ఒకే దిక్కుకు తేలిగ్గా కొట్టి, రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి పాత బనీనుతో రుద్దండి. ఫెండర్ మడతలు, బానెట్ అంచుల మీద టేపు వేసుకోండి. అక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది.

రంగు ఘోరంగా వచ్చింది. ప్లాస్టిక్ పాడవకుండా తీసేయొచ్చా?

ఎనామిల్, యాక్రిలిక్ అయితే గోధుమరంగు డెటాల్ నీళ్లు కలపకుండా డబ్బాలో పోసి, బాడీ ఒక రాత్రి ముంచండి. తెల్లారి పాత బ్రష్‌తో తోమి, పాత గుడ్డతో తుడిచాకే నీళ్లు తగలనివ్వాలి. ముందే నీళ్లు పోస్తే కరిగిన రంగు బంక అయి సందుల్లో కూర్చుంటుంది. చివర సబ్బు. థిన్నర్, పెట్రోలు, అసిటోన్ వాడితే రంగుతో పాటు బాడీ కూడా కరుగుతుంది.

## ఇంజన్

ఇంజన్‌కు నచ్చిన రంగు వేస్తే తప్పా?

కస్టమ్ కారైతే తప్పు లేదు. ఫ్యాక్టరీ కారంటే తప్పే. ఆ రోజుల్లో కంపెనీకో రంగు. క్రైస్లర్ (డాడ్జ్, ప్లిమత్ కార్ల కంపెనీ) 426 హెమీ ఇంజన్, షెవర్లే ఇంజన్ రెండూ నారింజ రంగే, కానీ షెవర్లేది ఎరుపు వైపు మొగ్గుతుంది. పాంటియాక్ లేత నీలం. ఫోర్డ్ 1966 నుంచి ముదురు నీలం. గేర్‌బాక్స్‌కు ఇంజన్ రంగు వేయకండి, అది అల్యూమినియం లేదా పోత ఇనుము రంగులో ఉండాలి.

ప్లగ్ వైర్లు పెట్టాలనుంది. ఏ తీగ, ఏ వైరు ఎక్కడికి?

అసలు వైరు మందం 7 మిల్లీమీటర్లు, 1/25లో 0.28. రివైండింగ్ షాపులో 30 లేదా 32 గేజి ఎనామిల్ రాగి తీగ అడగండి, దాదాపు అదే మందం. ఎనిమిది ప్లగ్ వైర్లు, మధ్యలోంచి కాయిల్‌కు ఒకటి, మొత్తం తొమ్మిది. డిస్ట్రిబ్యూటర్‌కు (ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఫ్రేము పుల్ల ముక్క కోసి, చుట్టూ ఎనిమిది, మధ్యలో ఒకటి 0.4 బిట్‌తో రంధ్రాలు వేయండి. బిట్‌ను వేళ్లతోనే తిప్పాలి. మెషిన్ పెడితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. తీగకు ముందే నల్ల రంగు వేసి ఆరనిచ్చి, అప్పుడు వంచండి.

హెమీకీ ఫోర్డ్‌కీ డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు, షెవర్లేకీ పాంటియాక్‌కీ వెనక. సిలిండర్లు మండే వరస షెవర్లేకీ హెమీకీ ఒకటే: 1-8-4-3-6-5-7-2. డ్రైవర్ వైపు, అంటే ఎడమ వైపు, ముందు నుంచి 1, 3, 5, 7. కుడివైపు 2, 4, 6, 8. డిస్ట్రిబ్యూటర్ టోపీ చుట్టూ ఈ వరస షెవర్లేకు గడియారం తిరిగే దిక్కున, హెమీకి ఎదురు దిక్కున. హెమీలో వైర్లు వాల్వ్ కవర్ మధ్యలోంచి లోపలికి దిగుతాయి, పక్క నుంచి కాదు. పోటీలో చూసేవాళ్లు మొదట వెతికేది ఇదే.

హీటర్ గొట్టాలకు ల్యాన్ కేబుల్ లోపలి వైరు సరిగ్గా సరిపోతుంది, మందం 1 మిల్లీమీటరు. దానికి నల్ల మ్యాట్ రంగు వేయండి.

## కస్టమ్ మార్పులు

కారును కిందికి దించాలి. ఎంత దించితే బాగుంటుంది?

1/25లో అంగుళం అంటే 1 మిల్లీమీటరు, లెక్క తేలిక. 2 అంగుళాలు దించాలంటే ఇరుసు రంధ్రం 2 మిల్లీమీటర్లు పైకి జరపాలి. పాత రంధ్రాన్ని ఫ్రేము పుల్లతో పూడ్చి, ఒక రోజు ఆరాక కొత్తది వేయండి. ముందు చక్రాలు 3, వెనక 1 దించితే అప్పటి వీధి కార్ల ముక్కు వాలు వస్తుంది. నాలుగూ 4 దాటి దించితే టైరు ఫెండర్ లోపలికి తగులుతుంది.

వేరే కిట్ చక్రాలు పట్టడం లేదు.

టైరు సరిపోయినా ఇరుసు రంధ్రం తేడా వస్తుంది. చక్రం వెనక వైపు పుల్ల అతికి కొత్త రంధ్రం వేయండి. వెనక టైర్లు వెడల్పువి పెడితే చాసిస్ లోపలి తొట్టిని అంత మేర కోయాలి, బయటికి పొడుచుకొస్తే ట్రాక్టర్‌లా ఉంటుంది.

తలుపులు తెరుచుకునేలా చేయొచ్చా?

చేయొచ్చు, మొదటి కిట్ మీద మాత్రం వద్దు. తలుపు గీత వెంట కత్తి వెన్నుతో పది పదిహేను సార్లు లాగాలి, బ్లేడు మొనతో కోస్తే జారి ఫెండర్ మీద గీత పడుతుంది. మూలల దగ్గర నైలాన్ కుట్టుదారం పెట్టి రంపంలా లాగితే వంపు చక్కగా తెగుతుంది. కోయడం సులువే, అసలు పని తర్వాత ఉంది. తలుపు లోపలి పలక, గుమ్మం అంచు, స్తంభం లోపలి గోడ అన్నీ మీరే కట్టాలి. పాత సీడీ పెట్టెలు పాలీస్టైరీనే, అదే సిమెంట్‌తో అతుకుతాయి. పెళుసు కాబట్టి గీసి విరవాలి. కీలుకు ఎల్ ఆకారంలో వంచిన రాగి తీగ, అది తిరగడానికి సన్న గొట్టం చాలు.

కాంటెస్సా చేయడానికి ఏ కిట్ మార్చుకోవచ్చు?

ఏదీ దగ్గరగా రాదు. కాంటెస్సా మూలం ఇంగ్లండ్ వాక్స్‌హాల్ విక్టర్, దానికి నాలుగు తలుపులు. రెండు తలుపుల అమెరికా బాడీని కోసి అతికే శ్రమలో సగంతో త్రీడీ ప్రింట్ బాడీ చేయించుకుని, కింద ఏదైనా 1/24 చాసిస్ పొడవు సరిచేసి పెట్టొచ్చు.

## క్రోమ్, అద్దాలు, డెకాల్స్

కిటికీల చుట్టూ సన్న క్రోమ్ గీత కుంచెతో వేస్తే వంకర పోతోంది.

కుంచె వదిలేసి రేకు వాడండి. బేర్ మెటల్ ఫాయిల్ వెనక జిగురుతో వస్తుంది. కావాల్సినదాని కంటే వెడల్పు పట్టీ కోసి, గీత మీద పరిచి, చెవి దూది పుల్లతో మధ్య నుంచి చివరలకు నొక్కి, కొత్త బ్లేడుతో అంచు వెంట ఒకే ఒరవడిలో కోయండి. బ్లేడు పాతదైతే రేకు చిరుగుతుంది. నాలుగు కిటికీలకు ఒక కొత్త బ్లేడు లెక్క పెట్టుకోండి. రంగు పూర్తిగా గట్టిపడకముందు రేకు పనిలోకి దిగితే కత్తి గీత రంగులోకి దిగిపోతుంది.

బంపర్ క్రోమ్ మరీ బొమ్మ మెరుపులా ఉంది, అతుకు కూడా కనిపిస్తోంది. తీసేయాలంటే?

సోడియం హైపోక్లోరైట్ ఉన్న బట్టల బ్లీచ్‌లో ముంచితే వెండి పొర కొన్ని నిమిషాల నుంచి గంటలోపు పోతుంది. కిటికీ తీసి పెట్టండి, టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ దానికి దగ్గర చేయొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. కింద పసుపుపచ్చని లక్కర్ మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి తోమాలి. అతుకు సరిచేశాక నిగనిగలాడే నలుపు వేసి, బాగా ఆరాక దాని మీద క్రోమ్ పెయింట్ పల్చగా వేయండి. నలుపు అద్దంలా లేకపోతే క్రోమ్ బూడిద రంగుగానే మిగులుతుంది.

అద్దం లోపల తెల్ల పొగ పట్టింది. తుడిస్తే పోవడం లేదు.

ఫెవిక్విక్ ఆవిరి. అది అద్దం మీదే కాదు, మూసిన కారు లోపల ఎక్కడ వాడినా వచ్చి అద్దానికి పడుతుంది. పల్చగా ఉంటే పాలిష్‌తో పోతుంది. అద్దాలను ఫెవికాల్‌తో అతికి, ఒక రాత్రి కదపకుండా వదలండి.

డెకాల్ నీళ్లలో వేయగానే ముక్కలైపోయింది.

పాతబడింది. మిగిలిన షీటు మీద క్లియర్ పల్చగా చల్లి, ఆరాక ఒక్కో బొమ్మను అంచు వదలకుండా కోసి వాడండి. ముందు పనికిరాని బొమ్మ ఒకటి నీళ్లలో వేసి చూడాలి. బానెట్ గీతల్లాంటి పొడుగువి రంగు మెరుస్తున్నప్పుడే వేయండి, మ్యాట్ మీద వేస్తే కింద గాలి చిక్కి వెండిలా తెల్లగా కనిపిస్తుంది.

## పూర్తయ్యాక

ఆరు నెలలకు టైర్లు చక్రాలను కరిగించేశాయి. కిట్ నాసిరకమా?

కాదు. మెత్తటి వినైల్ టైరులోంచి దాన్ని మెత్తగా ఉంచే నూనె ఊరి పాలీస్టైరీన్‌ను తింటుంది. వేడి ఎక్కువైన కొద్దీ త్వరగా తింటుంది, మన వేసవి సంగతి తెలిసిందే. బిగించే ముందు చక్రం అంచుకు వంటింటి అల్యూమినియం రేకు ఒక చుట్టు చుట్టండి, బయటికి కనపడకుండా. డబ్బాలో దాచిన కిట్లలో కూడా టైర్లను వేరే కవరులో వేసి పెట్టాలి, అద్దాల ఫ్రేము మీద ఆనించి ఉంచితే దాని మీద టైరు అచ్చు పడుతుంది.

ఎక్కడ పెట్టాలి? గాజు పెట్టె ఖరీదు ఎక్కువ చెబుతున్నారు.

చేపల తొట్లు చేసే కొట్లో 27 సెంటీమీటర్ల పొడవు, 13 వెడల్పు, 11 ఎత్తుతో అయిదు పలకల పెట్టె చేయించి, బోర్లించి కప్పండి. సిలికాన్ జిగురు పుల్లటి వాసన పూర్తిగా పోయాకే కారు లోపల పెట్టాలి, పదిరోజులు పట్టొచ్చు. పడమటి కిటికీ ఎదురుగా వద్దు. ఎర్ర రంగులు వెలుస్తాయి, డెకాల్స్ పసుపెక్కుతాయి. ఒంగోలు నుంచి నెల్లూరుకు చూపించడానికి తీసుకెళ్తూ కారు వెనక అద్దం కింద పెట్టి, మధ్యలో భోజనానికి ఎండలో ఆపితే పైకప్పు వంగిపోతుంది. చల్లటి చోట, కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లండి.